బీరువాలో లేని ఫోను

నమ్మవు. పందెం. కావాలంటే నన్ను బ్లాక్ చేసుకో, కానీ మొత్తం చదివి చేసుకో.

మీ నాన్న ఉద్యోగం ఊడగొట్టింది డ్రాయింగ్ సార్ కాదే.

ఆగు, ఆ కోపం బొమ్మలు ఆపు. నన్ను చెప్పనీ.

అవును, ఆ రోజు మీటింగుకి ఆయన రాలేదు. అయితే? పిరికివాడు వేరు, చాడీలు మోసేవాడు వేరు.

స్టాఫ్‌రూమ్‌కి తలుపే పీకించేశాడు కదా ఆ ప్రిన్సిపాలు. ముగ్గురు టీచర్లు ఒకచోట నిలబడితే చాలు, వచ్చి "ఉష్" అంటాడు, ఒకటో క్లాసు పిల్లల్ని అన్నట్టు. అందుకే పాపం అందరూ మా అమ్మ సైన్స్ ల్యాబులో కూడారు, కలిసి పైవాళ్ళకి ఫిర్యాదు చేద్దామని. మీ నాన్న నోరు తెరిచారో లేదో, ఉష్ సార్ తిన్నగా లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మర్నాడు సోషల్ సార్, అదే మీ నాన్న, ఇంటికి! ఆయనొక్కరే!

ఎవరు మోశారు? అదే చెప్తున్నా.

పొద్దున గేటు దగ్గరే టీచర్ల ఫోన్లన్నీ గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు కదా? చివరి బెల్లు కొడితేగానీ ఇవ్వడు. మీ అమ్మమ్మ పడిపోయిన సంగతి కూడా మీ నాన్నకి సాయంత్రం దాకా తెలీలేదన్నావు.

మరి ఆ మీటింగు రోజు నేను జ్వరంతో ఇంట్లో పడుంటే, మధ్యాహ్నం నాకో మెసేజ్ వచ్చింది. "మాత్ర వేసుకున్నావా బంగారం?"

ఎవరా? నన్ను బంగారం అనే మనిషి ఇంకెవరే!

అప్పుడు నాకు వెలగలేదు. నిన్న నువ్వు అమ్మమ్మ సంగతి చెప్పాక బుర్రలో పురుగు దూరింది. ఇవాళ మధ్యాహ్నం కాలేజీ నుంచి కావాలనే అమ్మకి మెసేజ్ పెట్టా, కడుపునొప్పి అని. టీ చల్లారేలోపు జవాబు! "వెంటనే ఇంటికెళ్ళి పడుకో" అట.

సాయంత్రం వచ్చీరాగానే, నేనేమీ అడగనేలేదు, "ఇవాళ ఫోను పొరపాటున బ్యాగులో ఉండిపోయిందే" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం చూశావా ఎప్పుడైనా? నేను లైవ్‌లో చూశా.

ఎందుకు చేసిందా? నాకేం తెలుసు! వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీగా ఉందిగా. తిడదామంటే నోరు రావట్లేదే. జ్వరమొస్తే రాత్రంతా తల నిమురుతుంది నాకు.

ఏడవట్లేదు. ముక్కు కారుతోంది, అంతే.

అసలు పని అది కాదు. మీ నాన్న ఇప్పుడు మా ఇంటికి వస్తారట. ఈసారి ఫిర్యాదుకి ఎవరెవరు తోడొస్తున్నారో అమ్మకి చెప్పడానికి. అమ్మే రమ్మంది! ఆ పేర్లు ఆయన నోటివెంట వచ్చాయో, రేపు వాళ్ళందరూ రోడ్డు మీదే.

ఆపవే. కాళ్ళు పట్టుకో, చెప్పులు దాచెయ్, నీకే కడుపునొప్పని దొర్లు.

ఏంటీ? బయల్దేరారా? ఫోన్ చెయ్యవే మరి!

ఎత్తట్లేదా?

ఉండు. ఎవరో వచ్చారు.

అమ్మ పిలుస్తోంది. "తలుపు తియ్యమ్మా, అంకుల్ వచ్చినట్టున్నారు" అని. ఎంత తియ్యగా పిలుస్తోందో