ఐదింటిలోపు ఒక ఊరు

హలో… నేనే. ఆ, ఆఫీసు గుమ్మం దగ్గరే ఉన్నాను.

తినలేదు. తింటాలే… ముందు విను. మన లిఫ్టు కంపెనీ బ్రాంచి మూసేస్తున్నారు కదా, ఏ ఊరు కావాలో ఐదింటిలోపు రాసివ్వాలట. మూడే ఉన్నాయి. నువ్వే చెప్పు.

ఒకటి సముద్రం పక్కన… ఆ, తేమే. లిఫ్టు రోపులు కూడా రెండేళ్లకే తుప్పు పడతాయట. నాలాంటి మెకానిక్‌కి చేతినిండా పని… పాపకా? పెద్దాసుపత్రి రెండు వీధుల అవతలే.

డాక్టరమ్మ అలా అందా… ఎప్పుడు? గోడకి చెమ్ముంటే పిల్ల ఊపిరికి పడదని… సరే. విన్నాను.

రెండోది మైదానం. ఇల్లు విశాలంగా ఇస్తారు. కాకపోతే ఎండ, దుమ్ము… నిజమే. పిల్లని దుమ్ములో పడేయలేం. కొట్టేయ్.

మూడోది కొండ.

గాలి బాగుంటుంది, కాదనను. కానీ ఆసుపత్రికి నాలుగు గంటల దారి. బడి ఒక్కటే. నీకు కుట్టుపని ఇచ్చేవాళ్లుండరు… గాలి బాగుంటే ఆసుపత్రి అవసరమే రాదా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

కోపం కాదు. గొంతు మామూలుగానే ఉంది.

అక్కడ లిఫ్టులు లేవే. అన్నీ రెండంతస్తుల ఇళ్లు, లిఫ్టెందుకు? రోప్‌వే ఉంది. తీగ మీద వేలాడే పెట్టెలు… స్తంభం ఎక్కి గ్రీజు పెట్టాలి. కింద లోయ.

లిఫ్టూ ఎత్తే. కానీ చుట్టూ నాలుగు గోడలుంటాయి. పదహారేళ్లుగా గోడల మధ్యే పని చేస్తున్నాను. బయట… మన డాబా మీద పిట్టగోడ దగ్గరికి నేనెప్పుడైనా వచ్చానా? బట్టలు ఆరేయడానికి బద్ధకమనుకున్నావు నువ్వు.

భయం. అవును, భయమే.

ఏమిటీ… అయితే సముద్రమే రాసెయ్యమంటావా? నాకోసమా? వద్దు. అలా అనకు. నీకు దండం పెడతాను, అనకు.

ఎందుకంటే… పొద్దున్నే రాసిచ్చేశాను. సముద్రమే. సంతకం కూడా పెట్టాను. ఆ మాట నీ నోటితో అనిపిద్దామనే ఫోన్ చేశాను. రేపు పిల్లకేమైనా అయితే, నువ్వే కదా అన్నావు అనొచ్చని.

ఫోన్ పెట్టెయ్యకు.

తిట్టు. తిట్టు, పడతాను—

పాపకా ఫోన్? వద్దు, ఇవ్వకు… తల్లీ. నాన్ననే. పరిగెత్తావా? …మంచం మీదే ఉన్నావా. మరి ఆ ఆయాసం… చాలమ్మా, నాన్నా అని మొత్తం అనక్కర్లేదు. మెల్లగా పీల్చు. అమ్మకివ్వు.

లైన్లోనే ఉండు, లోపలికెళ్తున్నాను… సార్. సార్, ఆ ఊళ్ల కాగితాల కవరు అంటించకండి. నా కాగితం ఒక్కసారి ఇవ్వండి. తప్పు రాశాను… తెలుసండీ, ఇచ్చాక మార్చకూడదని. కాళ్లు పట్టుకుంటాను సార్, ఇంట్లో పిల్ల ఊపిరాడక ఉంది…

వింటున్నావా? ఇచ్చాడు. సముద్రం కొట్టేశాను… కొండ అని రాస్తున్నాను. చెయ్యి ఆగట్లేదే, అక్షరం ఎటో పోతోంది. ఉండు, ఫోన్ పెట్టేస్తున్నాను. రెండో చేత్తో ఈ చేతిని పట్టుకోవాలి.