జొరంపుల్ల

తుపాను తీరం దాటిన మూడోనాటి మధ్యాహ్నం. వజ్రపుకొత్తూరు వైపు ఒక సముద్రపొడ్డు పల్లె. కప్పు ఎగిరిపోయిన ఇంట్లో, టార్పాలిన్ పట్టా కింద మామ పోతురాజు, కోడలు హేమ, ఆమె ఒళ్ళో మూడేళ్ళ గౌరి.

"ఏదమ్మా, దొరికినాదా?"

"ఏటి మావా?"

"ఏటంటావేటి? థర్మామీటరు. జొరంపుల్ల. సుభద్రమ్మ సిస్టరు పడిపోయిన సెట్లన్నీ ఎక్కి దిగి పొద్దున్న మనింటికొచ్చి ఏటి సెప్పినాది? పుల్లెట్టి సూడమన్నాది కాదేటి?"

"ఎతుకుతన్నాను."

"కూకున్న సోట కూకునే ఎతుకుతన్నావా?"

"కప్పే ఎగిరిపోనాది మావా. పుల్ల ఉంటాదేటి? గాలికి ఎక్కడికి పోనాదో."

"గాలి తట్టలు పట్టుకెల్లినాది. వలలు పట్టుకెల్లినాది. మన పడవని తీసుకెల్లి జీడితోటలో పడేసినాది, అక్కడ సేపల ఏటాడుకుంటన్నాది అది. ఆ పుల్లని మాత్రం పట్టుకెల్లనేదు."

"నీకేటి తెలుసు?"

"నాకు తెలుసమ్మా. ఇల్లు ఊగినప్పుడు ఒక సేత్తో పిల్లని పట్టుకున్నావు, రెండో సేత్తో బిస్కెట్ల డబ్బా పట్టుకున్నావు. బియ్యం ఒగ్గీసినావు, రేషన్ కార్డు ఒగ్గీసినావు. ఆ డబ్బాలో ఏటున్నాదో నాకు తెలీదేటి?"

"పిల్ల పడుకున్నాది. గట్టిగా మాటాడకు."

"పడుకోడమా అది? మగత. సెయ్యేసి సూడు."

"సూసినాను. సల్లగానే ఉన్నాది."

"నీకు సల్లగానే ఉంటాది. రాత్రి నుంచి నీ ఒల్లే కాల్తన్నాది. కాలే సేత్తో ముట్టుకుంటే ఏటి తెలుస్తాది?"

"అయితే నువ్వు సూడు."

"నా సెయ్యా? యాభై ఏల్లు తాడు లాగిన సెయ్యి ఇది. నిప్పు తెచ్చి పెట్టినా దీనికి తెలీదు. మీ అత్తుంటే సూసును. ఆమె బోరింగు కాడ వరసలో నిలబడినాది, బిందెడు నీల్లకి ఎప్పుడొస్తాదో."

"అమ్మా... దాహం..."

"ఇదిగో తల్లీ. మెల్లగా. మెల్లగా తాగు. సాల్దా? సరే, పడుకో."

"పిల్లకి పట్టినాది కొబ్బరినీల్లేనా?"

"అవే కదా ఉన్నాయి. సెట్లన్నీ పడిపోనాయి, కాయలకి కరువేటి?"

"హేమా, ఇను. సిస్టరు మాట నువ్వూ ఇన్నావు. నూట మూడు దాటితే ఒక్క ఛణం ఉంచొద్దన్నాది. గెడ్డ అవతల బడిలో డాక్టర్లున్నారు, తెప్ప మీద దాటించీయమన్నాది. మూడు లోపుంటే తేవద్దన్నాది. బడి నిండా వాంతులు, బేదులు. ఉత్తి జొరం పిల్లని తీసుకొచ్చి అయి అంటించొద్దన్నాది."

"ఇన్నాను."

"సోములు తెప్పలో ఇంకొక్క పడకకే సోటున్నాది. అక్కడ లక్ష్మణమ్మకి నొప్పులు. మన పిల్లకి మూడు దాటితే మనకి, నేకపోతే ఆమెకి. పోటెక్కినాదంటే గెడ్డ దాటడం అవదు. మల్లా రేపే. అల్లదిగో, అరుస్తన్నాడు, ఇనబడతన్నాదా?"

"ఇనబడతన్నాది."

"అయితే డబ్బా తియ్యి."

"తియ్యను."

"ఏటమ్మా?"

"అది పనిసెయ్యదు మావా."

"పగిలిపోనాదా?"

"పగల్నేదు."

"మరేటి?"

"అందులో సోటు నేదు."

"పుల్లలో సోటు నేకపోడమేటి?"

"తాతా... అది అన్నయ్యది. ముట్టుకోకూడదు."

"ఏటంటన్నాదే ఈ గుంట?"

"నిజమే అంటన్నాది. అందులో యుగి జొరం ఉన్నాది మావా. గౌరి పుట్టినప్పుడు సిస్టరు ఆ పుల్ల ఇచ్చి సెప్పినాది. ఇదిలిస్తే గాని గీత దిగదు, ఎక్కిన కాడే ఉండిపోతాదని. యుగి పోనాక నాను దాన్ని ఇదిలించనేదు. దూదిలో పడుకోబెట్టినాను. ఒక్క దినం నిలబెట్టనేదు. మూడేల్లయినాది. ఆడు ఆ గీతని ఎక్కడ ఉంచి ఎల్లినాడో అక్కడే ఉన్నాది."

"ఓలమ్మా..."

"రోజూ సూస్తాను. నువ్వు ఏటకెల్లినాక, అత్త సేపలమ్మడానికి ఎల్లినాక. మీ అబ్బాయికి కూడా తెలీదు."

"ఆడికేటి తెలుస్తాది? ఎక్కడో వీరావల్లో బోటు మీదున్నాడు. మన కప్పు పోనాదనే ఆడికి తెలీదు. ఫోను మోగితే కదా."

"యుగి సొక్కాలు గాలికి పోనాయి. బడి ఫోటో నానిపోనాది, మొకం కారిపోనాది. ఆడిది ఇంకేటి మిగిల్నాది సెప్పు? ఆ ఎచ్చన మిగిల్నాది."

"అది ఎచ్చన కాదమ్మా. గాజులో రసం."

"నాకు ఎచ్చనే."

"ఆడు పోనాడు హేమా. ఇది ఉన్నాది. ఉన్నదాని కోసం ఇదిలించు."

"ఊల్లో రెండో పుల్ల నేదేటి?"

"అంగన్వాడీలో ఉండేది. అంగన్వాడీయే నేదు ఇప్పుడు. మూడు గోడలున్నాయి."

"సిస్టరు కాడ?"

"సిస్టరు కాడుంటే మనల్ని ఎందుకు సూడమంటాది? ఆమె సంచీ గెడ్డలో కొట్టుకుపోనాది, కొంగున కట్టుకున్న మాత్తర్లే మిగిల్నాయి. ఆమె సీరంతా బురద, నువ్వూ సూసినావు."

"నా సేతుల్తో నాను ఇదిలించలేను మావా."

"నాకియ్యి. నాను ఇదిలిస్తాను."

"నీ సేతికివ్వను!"

"ఎందుకివ్వవు?"

"ఇవ్వను. అంతే. ఒక్క పని సెయ్యి, నానే ఇదిలిస్తాను."

"ఏటి?"

"ఒక్కపాలి సదివి సెప్పు. ఎంతున్నాదో. నాకు అంకెలు రావు. మూడేల్లు సూసినాను గాని అది ఎంతో నాకు తెలీదు. మనింట్లో మూడో తరగతి దాకా సదివినోడివి నువ్వొక్కడివే."

"నాకు కల్లు ఆనవు."

"పొద్దున్న సిస్టరిచ్చిన మాత్తర మీద తారీకు సదివినావు."

"అయి పెద్ద అచ్చరాలు."

"మాత్తర మీద పెద్ద అచ్చరాలా మావా?"

"పొద్దు పోతన్నాది హేమా. తరవాత సదువుతాను."

"ఇదిలించీసినాక తరవాతేటుంటాది? సదువు. ఇదిగో డబ్బా. ఇదిగో దూది. ఇదిగో. ఏటలాగ సూస్తావు? సదువు మావా."

"నాలుగు."

"ఆ దినం కూడా నాలుగే అన్నావు."

"నాలుగే రాసున్నాది. నాలుగు మీద ఒక గీత."

"నాలుగంటే తక్కువే అన్నావు."

"ఇదిలించమ్మా. సోములు రెండోపాలి అరుస్తన్నాడు."

"యుగీ... నాన్నా... ఏటనుకోకురా. నీ సెల్లి కోసం."

"ఇంకా. గట్టిగా. వల ఇదిలించినట్టు ఇదిలించు. ఇంకొక్కటి. సాలు, సూపు. దిగినాది. తొంబైనాలుగు కాడికి దిగినాది. ఏడుపు తరవాత. సంకలో ఎట్టు."

"గౌరీ, సెయ్యి ఎత్తు తల్లీ. కదలకు."

"అమ్మా, పుల్ల సల్లగున్నాది."

"అవునమ్మా. ఇప్పుడు సల్లగయిపోనాది."

"సెయ్యి అదిమి పట్టుకో. గడియారం నీల్లల్లో పోనాది, కెరటాలు లెక్కెడతాను. ఆ దినం ఇరవై లెక్కెట్టినాను. ఇప్పుడు సముద్రం కోపం తగ్గనేదు, కెరటం మీద కెరటం పడతన్నాది. ముప్పై లెక్కెడతాను. ఒకటి."

"మావా."

"రెండు. ఏటి?"

"ఆ దినం నాను బాలింతని. గౌరి నెలపిల్ల. లెగవలేకపోనాను. మంచం మీద నుంచి అడిగితే నువ్వే సూసి సెప్పినావు."

"మూడు. నాలుగు."

"నాలుగే ఉన్నాది, ఏటీ అవదు, తెల్లారినాక ఎల్దాం అన్నావు."

"ఐదు."

"తెల్లారనేదు ఆడికి."

"ఆరు. నన్ను మాటాడించకు, లెక్క తప్పతాది. ఏడు."

"నాలుగు అంత తక్కువైతే ఆడెందుకు పోనాడు మావా?"

"ఎనిమిది."

"సెప్పు."

"తొమ్మిది. పది. ఆ పుల్ల సేసినోడు నూరు దాకా నిండుగా రాసినాడమ్మా. తొంబైనాలుగు, తొంబైఆరు, తొంబైఎనిమిది, నూరు. ఆ పైన నూరు రాయనేదు. సోటు సాల్నేదో ఏటో. ఉత్తి రెండు, నాలుగు, ఆరు అని రాసీసినాడు."

"అంటే?"

"పదకొండు. నాలుగంటే నాలుగు కాదు. నూట నాలుగు. పన్నెండు. పదమూడు. నూరు దాటితే ఎక్కువని సిస్టరు సెప్పింది నాకు తెలుసు. పుల్ల మీద నాలుగు కనబడినాది. నూరెక్కడ, నాలుగెక్కడ అనుకున్నాను. అదీ నా సదువు. పద్నాలుగు."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"పదిహేను."

"ఎప్పుడు మావా?"

"ఆడు పోయిన నెలకి. జెల్లసేప ముల్లు గుచ్చుకుని నాకు జొరమొస్తే సిస్టరు ఆమె పుల్ల నా సంకలో ఎట్టినాది. నూట రెండు తాతా అన్నాది. తీసుకుని సూసినాను. రెండని ఉన్నాది. ఒట్టి రెండు."

"ఆ దినం ఇంటికొచ్చి ఏటీ తినకుండా పడుకున్నావు. జొరమనుకున్నాను."

"పదహారు. నువ్వు దాన్ని దాసినావని తెలుసు. ఏదో ఒక దినం ఎవరి సేతనైనా సదివించుకుంటావని బయం. సదివించుకుంటే బాగుణ్ణని కూడా అనిపించేది. నా నోట్నించి రాదు కదా. పదిహేడు. పద్దెనిమిది."

"అమ్మా, తాతెందుకు ఏడుస్తన్నాడు?"

"ఏడవటం నేదమ్మా. లెక్కెడతన్నాడు. నువ్వు కదలకు."

"పందొమ్మిది. ఇరవై. తిట్టు హేమా. ఏదో ఒకటి తిట్టు నన్ను."

"లెక్కెట్టు మావా."

"ఇరవై ఒకటి."

"సోములు అరుపు ఇనబడతన్నాదా?"

"కెరటాలే ఇనబడతన్నాయి. ఇరవై రెండు."

"ఇందాక దాకా అరిసినాడు కదా."

"లక్ష్మణమ్మని ఎక్కించీసుంటాడు. పోటెక్కుతన్నాది, ఎంతసేపని ఆగుతాడు? ఇరవై మూడు. ఎల్లిపోతే పోనీ. మనది మూడు లోపే ఉంటాదమ్మా. పొద్దున్న మాత్తర ఏసినాం. తడిగుడ్డ ఏసినాం. మూడు లోపుంటే పరవానేదన్నాది. రేపు తెల్లారినాక..."

"ఆ మాట అనకు."

"అనను. ఇరవై నాలుగు. ఇరవై ఐదు."

"గౌరీ. గౌరీ, ఇటు సూడమ్మా. కల్లు తెరు."

"ఊఁ..."

"ఇరవై ఆరు. పలికినాదా?"

"పలికినాది."

"ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. పెద్ద కెరటం ఇది. ఇరవై తొమ్మిది. ముప్పై. తియ్యి."

"తీసినాను."

"ఎలుగులోకి తిప్పు. ఇలా తే. ఈపాలి తప్పు సదవను, నాకిప్పుడు తెలుసు."

"నువ్వు సదవక్కర్నేదు మావా. నాకు అంకెలు రావు గాని ఆ సోటు తెలుసు. మూడేల్లు సూసిన సోటది. యుగి ఉన్న కాడికే ఎల్లి నిలబడినాది."