కాసమ్మ రక్తం ఎవరిది?

సభకు అధ్యక్షులైన మా పరిశోధనాలయం డైరెక్టర్ వీరన్నగారికి, ఈ పదవీ విరమణ సన్మానం ఏర్పాటుచేసిన బరంపురం తెలుగు పెద్దలకు, బడా బజార్ వర్తక మిత్రులకు, చేపలమ్ముకొని గోపాల్‌పూర్ నుంచి ఆటోల్లో వచ్చిన మా ఆడవాళ్ళకు నమస్కారం. కాసమ్మా, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డావేం? ముందుకొచ్చి కూర్చో.

"ఉమాదేవిగారూ, ఇక హాయిగా మనవలతో ఆడుకోండి" అన్నారు వీరన్నగారు. వాళ్ళకు ట్యూషన్లున్నాయి సార్, నాతో ఆడే తీరికెక్కడిది? (నవ్వులు)

మా పని ఎలా మొదలైందో చెప్పనివ్వండి. సుగర్ వచ్చిన కాసమ్మను కొవ్వు తగ్గించుకోమన్నాను. చెయ్యి చాపి చూపించి, "ఎముకలు తప్ప ఏటున్నాది నాకాడ? ఏటి తగ్గించమంటారమ్మా?" అంది. ఆ ఎముకల గురించే చదవడం మొదలుపెట్టాను. ఎముకంటే ఒంటిని నిలబెట్టేదనే అనుకుంటాం గానీ, అదీ ఆస్టియోకాల్సిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. కొవ్వేమో లెప్టిన్, అడిపోనెక్టిన్ వదులుతుంది. ముట్లుడిగాక ఇవి మారడానికీ, ఆడవాళ్ళకు సుగర్ రావడానికీ సంబంధమేమిటో చూద్దామని మా సహాయకురాలు హేమా, నేనూ గోపాల్‌పూర్ జాలరిపేటకు వెళ్ళి రక్తం తీశాం. పరగడుపున రమ్మంటే అందరూ పఖాళ తేట, అదే చద్దన్నం మీది నీళ్ళు, తాగి వచ్చారు! "తినొద్దన్నారు గానీ తాగొద్దన్నారేటి?" అని వాళ్ళలోని పావని మమ్మల్నే దబాయించింది. (నవ్వులు) ఆ విడత పనికిరాకుండా పోయింది. తర్వాత పడవలు ఒడ్డుకు రాకముందే వెళ్ళి, వలల పక్కన కూర్చొని మళ్ళీ తీశాం. ఆ రక్తమే ఇప్పుడు ఫ్రీజర్లో ఉంది, పరీక్షించడమే మిగిలింది.

ఇక మర్యాదలు పక్కనపెడతాను. నేను దిగిపోగానే ఆ ఫ్రీజర్ ఖాళీ చెయ్యాలని మా పరిశోధనాలయం కమిటీ తీర్మానించింది. "ఆడవాళ్ళ సుగర్లో కొత్తగా తెలిసేదేముంది? నోరు కట్టుకోమనండి" అన్నారు వీరన్నగారు. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేవాళ్ళకు నోరు కట్టుకోవడం మీరు నేర్పాలా? నాకు కోపంగా ఉంది సార్. మీరు శాలువా కప్పితే అది చల్లారదు.

రక్తమిచ్చినవాళ్ళను కమిటీ ఒక్క మాటైనా అడగలేదు. అందుకే వాళ్ళను ఇక్కడికే పిలిచాను. చెప్పు కాసమ్మా.

(కాసమ్మ లేచి: "ఈ రోగం ఎందుకొచ్చినాదో సూస్తామని నా రగతం తీసినారు. సూడకుండా పారబోసీడానికి మీరెవులు బాబూ?")

వీరన్నగారూ, మైకు మీకే ఇస్తున్నాను. ఆవిడకు జవాబు చెప్పేదాకా మేమెవరమూ ఈ హాలు కదలం. ఓపిగ్గా విన్నవారికి కృతజ్ఞతలు. నా ఉద్యోగానికి మాత్రమే సెలవు.