జానెడు సాగిన తాడు

1949 ఏప్రిల్ పదకొండవ తేదీన, సరస్సు ఒడ్డునున్న పోర్ట్ హాలెక్ నగరంలో, హెరన్స్ బేస్‌బాల్ జట్టు మైదాన విభాగంలో గడ్డి కోసే ఉద్యోగిగా చేరిన శ్రీ ఎమిల్ వారెక్ గారు, నలభై ఐదు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున ప్రధాన మైదాన సంరక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని యాజమాన్యం నన్ను కోరినప్పుడు, టిక్కెట్ల కిటికీ వెనక ఇరవై ఎనిమిదేళ్లుగా కూర్చుని, వారితో దాదాపు ప్రతిదినమూ కలహించిన నాకు ఆ అర్హత ఉందనే అనుకున్నాను. వారికి పొగడ్తలంటే గిట్టదు. గిట్టకపోతే మానె, ఈ ఒక్కసారికి ఓర్చుకోవాలి.

పోర్ట్ హాలెక్‌లో వారికి విద్య గరపినవారు కీర్తిశేషులు కాసిమిర్ డుడా గారు. బంతి విసిరే ఆటగాడు నిలబడే మట్టిదిబ్బకూ, బ్యాటు పట్టినవాడి ముందుండే పలకకూ మధ్య దూరం అరవై అడుగుల ఆరు అంగుళాలు. ఆ దూరాన్ని డుడా గారు ఒక జనపనార తాటితో కొలిచేవారు; ఒక చివర ఇనుప ఉంగరం, రెండో చివర ముడి. 1961లో తాము సెలవు తీసుకుంటూ ఆ తాటిని ఎమిల్ గారి చేతిలో పెట్టి, "నా దగ్గర నీకివ్వడానికి ఇంతకంటే ఏమీ లేదురా" అన్నారట. గురువుగారి మాట కన్నా ఆ తాటినే వారు ఎక్కువ నమ్మారు. ఆ నమ్మకమే తరువాత వారిని ఇరుకున పెట్టింది.

1966లో జట్టు మా అల్వరాడో నగరానికి తరలివచ్చింది. పోర్ట్ హాలెక్ వారు రైలు స్టేషనుకొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారని విన్నాను. మా ఊళ్లో మాత్రం స్వాగతం పలికిన నాథుడు లేడు. హెరన్స్ అంటే నీటికొంగలు కదా. ఏడాదికి పట్టుమని పది వానలు కురవని మా ఊళ్లో ఆ పేరే పెద్ద వేళాకోళమైంది. "నీళ్లు లేనిచోటికి కొంగలెందుకొచ్చాయమ్మా, టిక్కెట్టుతో పాటు చెంబుడు నీళ్లు కూడా ఇస్తారా?" అని నా కిటికీ దగ్గర అడిగి మరీ కొనకుండా వెళ్లేవారు. పన్నెండు వేల కుర్చీల్లో రెండు వేలు నిండితే మాకు పండగ.

ఆ ఫిబ్రవరిలో, ఆటలింకా మొదలవకముందే, మైదానం కొలవడానికి నగరపాలక సంస్థ సర్వేయరు స్టీలు టేపు పట్టుకొచ్చారు. ఎమిల్ గారు ఆయన్ని మర్యాదగానే వెనక్కి పంపారు. "మీ టేపు మీద నాకు కోపం లేదు సార్. నా తాడు పదిహేడేళ్లుగా నేను చూస్తున్నదే, ఏనాడూ అబద్ధమాడలేదు" అన్నారు. ఆ తాటితోనే కొలిచి, ఆ దిబ్బను తమ చేతులతో కట్టారు.

ఆ యేటి మా ఆశాకిరణం డార్నెల్ ట్రెంట్ అనే ఇరవై రెండేళ్ల ఆటగాడు. ఆఖరి క్షణంలో కిందికి వాలే బంతి అతని ప్రత్యేకత. ఏం లాభం? పరాయి ఊళ్లలో అద్భుతంగా విసిరేవాడు, మా మైదానంలో మాత్రం ఆ బంతి వాలవలసినదానికన్నా ముందే వాలి పలక దగ్గర మట్టి కరిచేది. సూటిగా, వేగంగా విసిరే మిగతావారు ఎలాగో నెట్టుకొచ్చేవారు. బయటి జట్లవారు మా పొడిగాలిని తిట్టుకుని వెళ్లిపోయేవారు. ఆ రెండు వేలమందీ డార్నెల్‌ను ఈలలతో వేధించారు. నేనూ ఈల వేసినదాన్నే. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను. జూన్ నెలలో అతన్ని కిందిస్థాయి జట్టుకు పంపాలని నిర్ణయించారు. సోమవారం ప్రయాణం. నిండు నెలలతో ఉన్న అతని భార్య ఓపల్ సామాను పెట్టెల్లో సర్దుతోంది. అలా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

శుక్రవారం అతను బెరుకుగా ఎమిల్ గారి కొట్టం దగ్గరికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"ఎమిల్ గారూ, ఏమనుకోకండి. ఇక్కడ నిలబడితే పలక కొంచెం దూరంగా ఉన్నట్టనిపిస్తోందండీ."

"చేతకాకపోతే మట్టి మీద నింద వేస్తారా నాయనా? వెళ్లు, వెళ్లు!" అని కసిరారు వారు.

ఆ కుర్రవాడు తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ తలవంపే వారిని నిద్రపోనివ్వలేదట. శనివారం పొద్దున్నే సర్వేయరు ఇంటికి వెళ్లి టేపు అడిగి తెచ్చుకున్నారు. నేను కాఫీ తీసుకుని వెళ్లేసరికి టోపీ తీసి దిబ్బ మీద కూర్చుని ఉన్నారు.

"తొమ్మిది అంగుళాలు, కొన్సువెలో. జానెడు. మూడుసార్లు కొలిచాను" అన్నారు నన్ను పేరుపెట్టి పిలిచి. సరస్సు చెమ్మలో బిగిసి ఉండే జనపనార, మా ఊరి ఎండగాలికి పొడిబారి సాగిపోయింది. ఆ సంగతి మా ఊరి గాడిదలవాణ్ణి అడిగినా చెప్పేవాడు. వారు అడగలేదు.

"ఎవరు చూశారు? గబగబా సర్దేయండి. సోమవారం లోపల ఆ కుర్రాడు ఒక ఆట ఆడతాడు, నిలబడిపోతాడు" అన్నాను.

"సర్దితే మట్టి సరవుతుంది అమ్మాయ్. వాడి పేరెవరు సరిచేస్తారు?"

తిన్నగా మేనేజరు బుచ్ మెర్కర్ గారి గదికి వెళ్లారు. తలుపు తీసే ఉంది కాబట్టి బయటున్న మేమంతా విన్నాం.

"నీకేమైనా పిచ్చా? ఊరు మనల్ని చూసి నవ్వేది చాలదా? దిబ్బ జరిపి నోరు మూసుకో!"

"దిబ్బ జరుపుతాను. నోరు మాత్రం మూసుకోను సార్." మైదానం తాళాలగుత్తి బల్ల మీద పెట్టారు. "ఉంచుతారో పంపుతారో మీ ఇష్టం. వాణ్ణి మాత్రం నా తప్పుకి పంపకండి."

నలుగురు మనుషులు మధ్యాహ్నం దాకా శ్రమించి దిబ్బను జరిపారు. సాయంత్రం ఆటకు ముందు ఎమిల్ గారు మైకు ముందు నిలబడ్డారు.

"నా పేరు ఎమిల్ వారెక్. ఈ దిబ్బ కట్టింది నేను. జానెడు దూరంగా కట్టాను. ఇన్నాళ్లూ మీరు డార్నెల్‌ని తిట్టారు. తిట్టాల్సింది నన్ను."

ఒక్క ఈల లేదు. ఇంతలో మూడో వరుసలోంచి మిరప రైతు సెవెరో బాకా లేచి, "ఓయ్ కొంగలాయనా! మా ఊళ్లో మిరపకాయలు ఎండబెడతాం గానీ తాళ్లు ఎండబెట్టుకుంటామా?" అని అరిచాడు. మైదానమంతా గొల్లున నవ్వింది. మా ఊరు ఆ జట్టుతో కలిసి నవ్వడం అదే మొదలు. ఎమిల్ గారు కూడా నవ్వి, "అయితే నువ్వే రావయ్యా, ఈ టేపు చివర పట్టుకో. నా కొలత మీద నాకే నమ్మకం పోయింది" అన్నారు. బాకా కంచె దూకి వెళ్లి పట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా కొలిచారు, సరిపోయింది. ఆ సాయంత్రం మేము ఓడిపోయాం. కానీ డార్నెల్ సోమవారం ఎక్కడికీ వెళ్లలేదు.

తాళాలగుత్తిని మెర్కర్ గారే తెచ్చి తిరిగి ఇచ్చారు. నాటినుంచి ప్రతి సంవత్సరం తొలి ఆటనాడు ఊరివారొకరు టేపు రెండో చివర పట్టుకోవడం మా ఆచారమైంది. ఆ గౌరవం కోసం జనం చేసే పైరవీలు నా కిటికీకి తెలుసు. డార్నెల్ తొమ్మిదేళ్లు మాతోనే ఆడాడు. ఈ ఏప్రిల్‌లో టేపు పట్టుకున్నది, ఆ పెట్టెల మధ్య ఓపల్ కడుపులో ఉన్న పాప కోరిన్. ఎమిల్ గారు మా ఊరి పిల్ల లుసిండాను పెళ్లాడి, కళ్లనీళ్లు కారుతున్నా పచ్చిమిరప పులుసు తినడం నేర్చుకుని, పదకొండుమంది సంరక్షకులను తీర్చిదిద్దారు. ప్రతివారికీ మొదటిరోజు ఈ తప్పు కథే చెప్పేవారు.

ఆ తాటిని పారేయమని ఆనాడే వారు నాకిచ్చారు. నేను పారేయలేదు, నా టిక్కెట్ల గదిలో మేకుకు వేలాడుతోంది. పోయిన నెల మూడురోజులు ముసురు పట్టినప్పుడు ఎందుకో బుద్ధిపుట్టి దాన్ని కుర్చీల కింది పొడుగాటి నడవాలో పరిచి టేపుతో కొలిచాను. అరవై అడుగుల ఆరు అంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు. ఎమిల్ గారూ, ఈ మాట మీతో ముఖాముఖి చెబితే మనిద్దరం ఏడుస్తామని ఇక్కడ రాస్తున్నాను. డుడా గారి తాడు అబద్ధమాడలేదు. దాని చెమ్మ దానికి లేకపోయింది, అంతే.

మీ శేషజీవితం శ్రీమతి లుసిండా గారి సాహచర్యంలో ఆరోగ్యప్రదంగా, ప్రశాంతంగా సాగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. సరిపోయినంత ఆయుష్షు చాలదు మాకు. మా ఊరి ఎండగాలి మీ తాటిని జానెడు సాగదీసింది. మీ ఆయుష్షును అంతకు పదింతలు సాగదీయుగాక. ఈసారి ఎవరూ కొలవరు.