పిప్పరమెంటు సీసా

(విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరు, జూలై నెల. ఆర్డిస్ వంటిల్లు. రేపు చర్చి ఆవరణలో ఐస్‌క్రీం విందు. ఐస్‌క్రీం మీద వేడివేడిగా పోసే చాక్లెట్ పాకం, హాట్ ఫడ్జ్, ఏటా ఆమెదే. ఈ రెండేళ్ళుగా గరిటె పట్టేది మాత్రం కోడలు కొరీన్.)

"...అట్లా గీకకు అంటే వినవేం? గిన్నె అంచుకి అంటుకున్నది అంచుకే ఉండనీ. అది లోపల పడితే పాకమంతా ఇసుకలా గరగరలాడుతుంది."

"గీకలేదత్తయ్యా. గరిటె తగిలింది, అంతే."

"తగిలిందట. పాపం, గరిటెకి కాళ్ళొచ్చాయి. మీ అమ్మగారింట్లో డబ్బా మూత తీసి, మైక్రోవేవ్‌లో పెట్టి, దాన్నే హాట్ ఫడ్జ్ అనేవాళ్ళు కదూ?"

"మా అమ్మకి పొలం పనే సరిపోయేది."

"ఈ ఊళ్ళో పొలం లేందెవరికి? ఆవుల పాలు పితికొచ్చి కూడా కోకో కలిపాం మేం. సరే, మీగడ పొయ్యి. సన్నగా. సన్నగా అన్నాను కొరీన్, పశువులకి కుడితి పోసినట్టు కాదు."

"సన్నగానే పోస్తున్నాను."

"నిరుడూ ఇదే మాట. సన్నగానే పోస్తున్నాను, సన్నగానే పోస్తున్నాను అంటూ సీసాడు పిప్పరమెంటు ఎసెన్సు కుమ్మరించావు. ఐస్‌క్రీం తిన్నవాళ్ళంతా పళ్ళు తోముకున్నట్టు మొహాలు పెట్టారు."

"సరేలెండి."

"ఏం సరే? పాస్టరు గారి భార్య నా దగ్గరికొచ్చి, 'ఈసారి కొంచెం వేరుగా ఉందండీ' అంది. వేరుగా. ఈ ఊళ్ళో ఆ మాట అనే బదులు మొహాన ఉమ్మేసినా నయం."

"విన్నాను. పక్కనే ఉన్నానుగా."

"ఈసారీ చెడిందంటే, ఇక మీదట కొట్లో డబ్బాలు కొనేద్దామంటోంది విందు పెత్తనం చేసే ఆ లవోన్. నన్ను కుర్చీలో కూచోబెట్టి కాగితం రుమాళ్ళు మడతపెట్టమంటారట. నేను. రుమాళ్ళు."

"అట్లా ఏం కాదులెండి."

"నీ చేతిలో పడ్డాక ఏదైనా అవుతుంది. ఆ చప్పుడు విను, బుడగలు బరువెక్కాయి. పొయ్యి ఆపు. ఆపు, ఆపు. వెన్న వెయ్యి. ఇప్పుడు పిప్పరమెంటు. మరిగేటప్పుడు వేస్తే వాసనంతా కిటికీలోంచి పోతుంది. అర చెంచా. అర."

"అర చెంచా... ఇదిగో, రుచి చూసి చెప్పండి."

"ఉప్పు చాల్లేదు."

"వేస్తాను. మరి పిప్పరమెంటో?"

"ఏమిటి పిప్పరమెంటో?"

"సరిపోయిందా అని."

"అది కూడా అడగాలా? మళ్ళీ ఎక్కువ పోశావు. నాలుక మండిపోతోంది. అది చెయ్యా, బక్కెట్టా? నా పరువు తియ్యడానికే మా డెల్‌ని చేసుకున్నావు నువ్వు."

"అత్తయ్యా."

"ఏం?"

"ఇంకా వెయ్యలేదు."

"ఏది?"

"పిప్పరమెంటు. చూడండి, సీసాకి సీలు కూడా తియ్యలేదు."

"...నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?"

"మీ కళ్ళకేం కాలేదు. నిరుడు మార్చిలో ఆ జ్వరం వచ్చిపోయిందే, అప్పట్నించీ మీకు వాసన తెలీటం లేదు. నిరుడు సీసా కుమ్మరించింది మీరు. వాసన రావట్లేదని పోస్తూనే ఉన్నారు. నేను ఇటు తిరిగేసరికే అయిపోయింది."

"నోటికొచ్చినట్టు వాగకు. మరి పోసింది నువ్వేనని ఊరంతా ఎందుకనుకుంటోంది?"

"నేనే చెప్పాను కాబట్టి. పాస్టరు గారి భార్య ఆ మాట అనంగానే, చెయ్యి జారింది నాదేనన్నాను."

"...డెల్‌కి చెప్పావా?"

"లేదు. చెబితే, వాసన తెలీని మనిషికి గ్యాసు పొయ్యేమిటని మర్నాడే పీకించేస్తాడు. మిమ్మల్ని వంటింట్లోకే రానివ్వడు. అందుకే గ్యాసు లీకైతే మోగే డబ్బా ఒకటి నేనే తెచ్చి ఆ గోడకి పెట్టాను. పొగొస్తే మోగుతుందని మీతో అబద్ధం చెప్పాను."

"అదా అది. ఈ తిక్క పిల్ల గోడకి చిల్లులు పొడిచిందని దానికీ తిట్టాను నిన్ను."

"తిట్టారు. రెండు రోజులు."

"ఏడాది పొడుగునా అందరి ముందూ నిన్ను దులిపేస్తుంటే పడి ఉన్నావు. నోరు పెగల్లేదేం?"

"పోసింది మీరని మీకే తెలీదనుకున్నాను."

"తెలీకేం, మొద్దూ. పాస్టరు పెళ్ళాం మొహం చూసినప్పుడే తెలుసు. నేను తిట్టడం మానేస్తే ఊరంతా నా వంకే చూడదూ? సరే కానివ్వు, అర చెంచా వెయ్యి, వాసన నువ్వే చూసుకో. రేపు ఇంకాస్త గట్టిగా తిడతాను, ఓర్చుకో."