అనుమానప్పక్షికి శాలువా

నా పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చున్న మా శాఖాధిపతి కొండలరావు గారికి, నాకు భౌతికశాస్త్రం నేర్పిన సోమయాజులు మాస్టారికి, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు, నేనేం మాట్లాడతానోనని ముందు వరుసలో ఇప్పటినుంచే భయపడుతున్న మా ఆవిడ కరుణకు నమస్కారాలు.

కొండలరావు గారు నన్ను చాలాసేపు పొగిడారు. ఇన్నేళ్ళలో నా గదికి కొత్త ఫ్యానొకటి అడిగితే ఇవ్వని మనిషి, ఇవాళ రాజలింగు లేకపోతే శాఖే లేదంటుంటే, శాలువా కప్పించుకుంటూనే నాకు అనుమానం వచ్చింది, ఆయన పొగుడుతున్నది నన్నా, ఖాళీ కాబోయే నా గదినా అని. (నవ్వులు) మీరంతా నవ్వారు, ఆయన నవ్వలేదు, గమనించారా?

నా వెనక నన్ను అనుమానప్పక్షి అంటారని తెలుసు. తార్నాకలో కూరల బండి దగ్గర నేను త్రాసు మీదికి వంగి చూస్తే, "గంత అనుమానమైతే ఇంట్లనే పండించుకోండ్రి" అని కరుణ నన్నెరగనట్టు పక్కకు జరుగుతుంది. ఏం చేయను, మా పని అలాంటిది. పరమాణువు నడుమ ఉండే కేంద్రకాన్ని ఇంకో కేంద్రకంతో ఢీకొట్టిస్తే, రెండూ కలిసి ఒకటవుతాయి, అది బొంగరంలా గిర్రున తిరుగుతుంది. నెమ్మదించేటప్పుడు ఒకదాని వెంట ఒకటిగా గామా కిరణాలు వదులుతుంది. ఆ కిరణాల శక్తిని కొలిచి, కంటికి కనపడని ఆ బొంగరం ఏ ఆకారంలో ఉందో, ఎంత జోరుగా తిరిగిందో మేము చెప్పాలి. చిక్కేమిటంటే, గోడలు కూడా గామా కిరణాలు వదులుతాయి. అదిగో, మూడో వరుసలో మొహం దాచుకుంటున్న శివకుమార్, ఇప్పుడు హబ్సిగూడలో శాస్త్రవేత్త, విద్యార్థిగా ఉన్నప్పుడు కొత్త కిరణం దొరికిందని శాఖంతా లడ్డూలు పంచాడు. తీరా చూస్తే అది మన భవనం రాళ్ళలోని పొటాషియం! లడ్డూ నేనూ తిన్నాను. (నవ్వులు) అప్పటినుంచి ఏ కిరణాన్నీ నమ్మలేదు.

ఇక నవత. నా చివరి విద్యార్థిని, రామంతాపూర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. ఆమె పరిశీలించిన కేంద్రకం తాను తిరిగే తీరును, అందరూ ఊహించినదానికంటే ముందే మార్చుకుంది. నిజమైతే పెద్ద విషయమే. కాబట్టి గోడను అనుమానించాను, యంత్రాన్ని అనుమానించాను, ఆమె లెక్కను అనుమానించాను. అన్నిటికీ జవాబు తెచ్చింది. ఇన్నిటికీ జవాబులెలా దొరికాయని వాటినీ అనుమానించాను. నేను సరేనంటేగాని ఆమె వ్యాసం పరిశోధన పత్రికకు వెళ్ళదు. ఈలోగా ఇంకెవరైనా అచ్చువేసుకుంటే ఆ పిల్ల కష్టమంతా గాలికి పోతుందని నాకూ తెలుసు. తీరిగ్గా ఇంకొక్కసారి సరిచూసి...

ఏంటమ్మా, లేచావు? మైకు ఇవ్వండి ఆమెకు.

("సార్, రిటైర్ అయినంక చూస్త అంటరు, నాకు నమ్మకం లేదు. తప్పు ఏడున్నదో అందరి ముందట చెప్పుండ్రి. లేకుంటే గీడ్నే పంపుండ్రి" అంది నవత.)

విన్నారా! సన్మాన సభలో గురువును పట్టుకుని నమ్మనంటోంది!

తప్పెక్కడుందో చెప్పలేనమ్మా. ఎంత వెతికినా దొరకలేదు. దొరకనందుకు సంతోషంగానూ ఉంది, కొంచెం అసూయగానూ ఉంది. ఇలాంటిది నా కంట ఒక్కనాడూ పడలేదు.

కొండలరావు గారూ, ఈ శాలువా కాస్త పట్టుకోండి, ఫోను లోపలి జేబులో ఉంది. కరుణా, నా కళ్ళద్దాలు.

(ఫోను చూస్తూ) వ్యాసం పత్రికకు పంపాను. చప్పట్లు ఆపండి, ఆ పిల్ల ఇంకా కూర్చోలేదు. నేను పంపానంటే చాలదట, తన ఫోనులో చూసుకుంటోంది. చూసుకో తల్లీ, బాగా చూసుకో. ఇంతకాలం నన్ను భరించిన మీ అందరికీ ఈలోపు నా కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

కూర్చుంది. ఇక నేను వెళ్ళొచ్చు. సెలవు.