మంత్రిగారు చలి కాచుకున్న మంట

(మంగిస్తావ్ స్టెప్పీలో కొత్త హైడ్రోజన్ కేంద్రం. ప్రారంభోత్సవం ముగిసి అరగంటైంది. మంత్రి బృందం గుడారంలో భోజనానికి కూర్చుంది. బయట జిల్లా ఉపాధికారి ఒరల్‌బాయ్, కేంద్రం ఇంజినీరు మర్జాన్. ఆమె ఆయన్ని 'ఆగా' అంటుంది, అంటే అన్నగారు అని.)

"...రెండు చేతులూ చాపి మరీ కాచుకున్నారు మర్జాన్! 'అబ్బ, ఎంత హాయిగా ఉందీ' అన్నారు. మైకులో పడింది ఆ మాట."

"విన్నాను, ఆగా. మీరూ కాచుకున్నారుగా."

"కాచుకోకేం? మొహం చుర్రుమంది. ఆ టీవీ అమ్మాయైతే చెమట తుడుచుకుంది. మొదట కాస్త కంగారుపడ్డాన్లే, మంటేదీ, ఏమీ కనబడదేంటీ అని."

"పొద్దున్నే చెప్పాను కదా. పగటి వెలుగులో హైడ్రోజన్ మంట కంటికి ఆనదని."

"చెప్పావు, చెప్పావు."

"ఆగా, ఆ నీళ్ల సంగతి... ఊరికి వారానికొక్క ట్యాంకర్. తొమ్మిది రోజులు ఎదురుచూస్తే, నిన్నొచ్చినదాన్ని మీరు ఇటు మళ్లించారు."

"మళ్లించక? సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం ఇంకా రేవులోనే ఉందాయె. నీళ్లని కరెంటుతో విడగొడితేనే హైడ్రోజన్ అని నువ్వేగా చెప్పింది?"

"నేనే. అందుకే, మీరు ప్రత్యేకంగా తెప్పిస్తున్న రేపటి ట్యాంకరైనా ఊళ్లోకి..."

"రేపు విదేశీయులొస్తున్నారు. అదీ ఇటే."

"మొన్న మా అమ్మ టీకి నీళ్లడుక్కోవడానికి మూడిళ్లు తిరిగింది, ఆగా."

"భవిష్యత్తు కోసం నాలుగు రోజులు టీ మానలేరా? ఉండు, మంత్రిగారికి అయిదో కప్పు పోశారో లేదో... ఆఁ, పోశారు."

"ఒంటెలు కూడా మానాలా?"

"ఒంటెకి అలవాటే! అది సరేగానీ ఒక వింత చెప్పనా? ఆయనకి నేను కప్పిన చపాన్ ఉందే, ఆ జరీ అంగరఖా, దాని చేతులు ఇంత పొడుగు. ఆయన చెయ్యి ఊపేసరికి ఆ అంచు సరిగ్గా మంట వచ్చే గొట్టం మీంచి పోయింది. అయ్యో, అంటుకుందే అనుకున్నా. ఒక్క పోగు కాలితే ఒట్టు! 'ఇది కాల్చని నిప్పు' అని మైకులో చెప్పేశాను. ఏం చప్పట్లనుకున్నావ్!"

"ఆ మంట రెండు వేల డిగ్రీలుంటుంది, ఆగా."

"ఆఁ?"

"ఇనపకడ్డీ కరుగుతుంది."

"మరి ఆ చపాన్... ఆయన చేతులు... మరి నా మొహం..."

"మెల్లిగా. లోపలికి వినబడుతుంది."

"మర్జాన్! ట్యాంకర్ నీళ్లేం చేశావ్?"

"తెల్లారకముందే ఊళ్లోకి తోలించాను. దగ్గరుండి పంచాను. ఇంటికి ఎనిమిది బకెట్లు."

"నీ ఉద్యోగం ఊడబీకిస్తా! ఇప్పుడే వెళ్లి మంత్రిగారితో చెప్తా!"

"చెప్పండి, ఆగా. ఒట్టి గొట్టం దగ్గర చలి కాచుకున్నారని మీ నోటితోనే చెప్పండి."

"చెప్తా! ఇదిగో, వెళ్తున్నా..."

"వెళ్లరేం?"

"ఆగు, ఆగు. ఆలోచించనీ."

"రేపటి ట్యాంకర్ ఎటు రమ్మనను?"

"ఊళ్లోకే పోనీ. కానీ చూడు తల్లీ, విదేశీయులు వచ్చి వెళ్లేదాకా ఆ మంట మాత్రం ఆర్పకు."